సీఆర్ఎమ్ ఏది కొనాలో తర్వాత, ముందు మీ ఎక్సెల్ షీట్ ఓపెన్ చేయండి

ప్రశ్న: అక్కా, మాది వాటర్ ప్యూరిఫయర్లు అమ్మి, బిగించి, తర్వాత సర్వీసు కూడా చేసే చిన్న బిజినెస్. నాతో కలిపి ఏడుగురం. ఎంక్వైరీలు ఫోన్లో, వాట్సాప్‌లో, వెబ్‌సైట్ ఫారంలో వస్తాయి, అన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకుంటాం, గుర్తుంటే. పోయిన నెల మా సేల్స్ కుర్రాళ్ళిద్దరూ ఒకే కస్టమర్‌కి ఫోన్ చేసి ఒకే మోడల్‌కి రెండు రేట్లు చెప్పారు, పరువు పోయింది. అంతకుముందు ఒకతను ఉద్యోగం మానేశాడు, అతని ఫోన్లో ఉన్న కస్టమర్ల చాట్లన్నీ అతనితో పాటే పోయాయి. ఇక ఇలా కాదని సీఆర్ఎమ్, అంటే కస్టమర్ల వివరాలు, మాటలు, అమ్మకాలు అన్నీ ఒకేచోట ఉంచే సాఫ్ట్‌వేర్ కొందామని సేల్స్‌ఫోర్స్, హబ్‌స్పాట్, జోహో, పైప్‌డ్రైవ్ నాలుగూ డెమోలు చూశా, నాలుగూ బాగానే ఉన్నాయి, చూడకముందు కంటే ఇప్పుడే ఎక్కువ కన్ఫ్యూజన్‌లో ఉన్నా. మా బావేమో "కొంటే పెద్దదే కొను, రేపు బిజినెస్ పెరిగితే మళ్ళీ మార్చే పనుండదు" అంటాడు. ఏది తీసుకోమంటారు?

సమాధానం: అక్కా అన్నారు కాబట్టి ఆ చనువుతో సూటిగా చెప్తా. నాలుగు డెమోలు చూస్తే నాలుగూ బాగానే ఉంటాయండీ, బాగుండేలా చూపించడమే డెమో ఇచ్చేవాళ్ళ ఉద్యోగం, వాళ్ళ స్క్రీన్ మీద ఉండే కస్టమర్లందరికీ పేరు, ఫోను, ఈమెయిలు, ఫొటోతో సహా నిండుగా ఉంటాయి, ఒక్కడు కూడా "పింక్ గేటు ఆయన, సాయంత్రం చేయాలి" అని ఉండడు. మీ షీట్‌లో సగం మంది అలాగే ఉంటారని నాకు తెలుసు, ఎందుకంటే నా షీట్ కూడా అలాగే ఉండేది.

మీ ఉత్తరంలో నాకు పనికొచ్చింది డెమోల కథ కాదు, ఆ రెండు గొడవలు. ఒకే కస్టమర్‌కి ఇద్దరు ఫోన్ చేయడం, మనిషి వెళ్ళిపోతే చాట్లు కూడా వెళ్ళిపోవడం. ఈ రెంటినీ ఒక కాగితం మీద రాసుకోండి, కింద మూడోది నేను చెప్తా: పొద్దున్నే షాపు తీయగానే "ఈరోజు ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరు చేయాలి" అన్నది ఎవర్నీ అడక్కుండా తెలియాలి. అంతే. ఈ మూడూ ఏ సాఫ్ట్‌వేర్ చేస్తే అది మీకు సరిపోతుంది, ఈ మూడూ చేయలేనిది ఎంత పేరున్నదైనా మీకు అక్కర్లేదు. రంగురంగుల గ్రాఫులు, ఏఐ వచ్చే నెల సేల్స్ ఎంతో చెప్పేయడాలు, ఇవన్నీ లోపల డేటా ఉన్నప్పటి ముచ్చట్లు, మీ దగ్గర ఇంకా డేటానే లేదు.

ఇప్పుడు నా సొంత గొడవ ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ కింద నేను పనిచేసిన చిన్న కంపెనీలో సీఆర్ఎమ్ ఎంచే పని నా నెత్తిన పడింది. పేరు చెప్పను గానీ చాలా పెద్ద ప్రొడక్టే, మీ బావ గారి లాజిక్కే నాది కూడా, పెద్దదైతే సేఫ్ అని. ఏడాది డబ్బు ముందే కట్టించా, సెటప్ చేసినాయన "మీకు ఏమేం వివరాలు కావాలి" అని అడిగితే నాకు కనిపించిందల్లా చెప్పా, ఎంక్వైరీ ఎక్కడ్నుంచి వచ్చింది, బడ్జెట్ ఎంత, ఇంట్లో ఎంతమంది, ఇప్పుడేం వాడుతున్నారు, ఎప్పుడు కొంటారు, అన్నీ కంపల్సరీ పెట్టించా, నింపకపోతే సేవ్ అవ్వదు. మొదటి వారం మా వాళ్ళు బుద్ధిగా నింపారు. రెండో వారం నుంచి బడ్జెట్ గడిలో 1, ఇంట్లో ఎంతమంది గడిలో 1, ఇప్పుడేం వాడుతున్నారు అనేదాన్లో ఒక చుక్క. నిజంగా చుక్కే, ఫుల్‌స్టాప్. మూడో నెలకి రిపోర్ట్ తీస్తే మా కస్టమర్లలో ముప్పాతిక మంది ఒంటరిగా ఉంటూ చుక్క వాడుతున్నారు. మా సీనియర్ సేల్స్ ఆయన మాత్రం తన పాత డైరీలోనే రాసుకుని అందరికంటే ఎక్కువ అమ్మాడు, ఆయన్ని తిట్టడానికి నాకు మొహం చెల్లలేదు.

అప్పట్నుంచి నేను ఎవరడిగినా చెప్పేది ఒకటే, సీఆర్ఎమ్‌ని ఓనరు కళ్ళతో ఎంచకండి, మీ టీమ్‌లో ఫోన్ టైపింగ్ అంటే అందరికంటే ఎక్కువ విసుక్కునే మనిషి ఎవరో ఆ మనిషి వేళ్ళతో ఎంచండి. డేటా లోపలికి వెళ్ళేది ఆ వేళ్ళ నుంచే. ఆయనకి మొబైల్ యాప్ ఇచ్చి, ఒక కస్టమర్ ఇంటి గుమ్మం దగ్గర నిలబడ్డట్టు నిలబడమని చెప్పి, ఒక చేతిలో సామాను బ్యాగు పెట్టి, కొత్త ఎంక్వైరీ ఎక్కించి మళ్ళీ ఫలానా తారీఖున ఫోన్ చేయాలి అని రిమైండర్ పెట్టమనండి. మీరు పక్కన వాచీ చూడండి. అర నిమిషంలో ఐపోతే మంచిది, నిమిషం పడితే ఓకే, రెండు నిమిషాలు దాటితే మీరు ఎన్ని మీటింగులు పెట్టినా అది నడవదు, సాయంత్రం వచ్చాక ఎక్కిస్తాలే అంటారు, ఆ సాయంత్రం రాదు. డెమోలో ఈ పరీక్ష ఎవరూ చూపించరు, ఎందుకంటే డెమో ఎప్పుడూ పెద్ద మానిటర్ మీదే.

సరే, లోపల ఏముంటుందో ఒకసారి చూద్దాం, ఎందుకంటే నాలుగింటిలోనూ పేర్లు వేరువేరుగా చెప్పి మిమ్మల్ని తికమక పెట్టి ఉంటారు. లీడ్ అంటే ఇంకా ఊరికే అడిగినవాళ్ళు. కాంటాక్ట్ అంటే మనిషి. కంపెనీ లేదా అకౌంట్ అంటే ఆ మనిషి పనిచేసే సంస్థ, మీరు ఇళ్ళకే అమ్మితే ఇది పెద్దగా అక్కర్లేదు, ఆఫీసులకి, స్కూళ్ళకి కూడా అమ్మితే కావాలి. డీల్ అంటే ఒక్కో అమ్మకం అవకాశం, కొన్నింట్లో దీన్నే ఆపర్చునిటీ అంటారు. యాక్టివిటీ అంటే చేసిన ఫోను, చేయాల్సిన ఫోను, కలిసిన మీటింగు. మనిషి ఒక్కడే, డీల్స్ ఎన్నైనా ఉండొచ్చు, పోయినేడు ఇంటికి ఒకటి కొన్నాయన ఈ ఏడు ఆఫీసుకి అడిగితే ఆయన రెండోసారి కొత్త మనిషిగా ఎక్కకూడదు, పాత మనిషి కిందే కొత్త డీల్ రావాలి. ఎక్సెల్‌లో మీకు పట్టుబడనిది ఇదే, అక్కడ ఒక లైను అంటే మనిషో, ఎంక్వైరీనో, ఫోన్ కాలో ఎవరికీ తెలీదు, అందుకే ఒకే మనిషి మూడు చోట్ల ఉంటాడు, ఇద్దరు కుర్రాళ్ళు చెరో లైను చూసి చెరో రేటు చెప్తారు. ఆ గొడవలో మీ కుర్రాళ్ళ తప్పు నిజానికి పెద్దగా లేదు.

కాబట్టి ట్రయల్‌లో, అంటే కొనకముందు కొన్నాళ్ళు వాడి చూసే గడువులో, చేయాల్సిన రెండో పరీక్ష. ఒకే ఫోన్ నంబర్‌తో రెండుసార్లు మనిషిని ఎక్కించండి. ఒకసారి ముందు ప్లస్, దేశం కోడ్ పెట్టి, ఒకసారి ముందు సున్నా పెట్టి, మధ్యలో ఖాళీ వదిలి. సాఫ్ట్‌వేర్ "ఈ నంబర్ ఆల్రెడీ ఉంది, ఫలానా వాళ్ళ పేరు మీద ఉంది" అని ఆపిందా, లేక నోరుమూసుకుని రెండోదాన్ని కూడా తీసుకుందా చూడండి. చాలా వాటిలో డూప్లికేట్ పట్టడం అనేది ముందుగా ఈమెయిల్ మీద ఆధారపడి ఉంటుంది, మీ కస్టమర్లు ఈమెయిల్ ఇచ్చే రకం కాదు కదా, ఫోన్ నంబరే వాళ్ళ ఐడెంటిటీ. ఫోన్ నంబర్ మీద డూప్లికేట్ పట్టేలా సెట్ చేయొచ్చా, అది మీరు చూస్తున్న ప్లాన్‌లోనే ఉందా లేక పై ప్లాన్‌లోనా, ఇది అడిగి తీరాల్సిన ప్రశ్న. పోయిన నెల పోయిన పరువుకి మందు ఇదే.

ఇక టైటిల్‌లో అన్న మాటకి వస్తా. ఏదీ కొనకముందు మీ ఎక్సెల్ షీట్‌ని శుభ్రం చేయండి, ఇది ఎవరికీ నచ్చని పని, రెండు మూడు సాయంత్రాలు పడుతుంది, కానీ ఇది దాటేసి ఎక్కిస్తే కొత్త సాఫ్ట్‌వేర్‌లో పాత చెత్త ఉంటుంది, నెల తిరక్కుండానే "ఇది కూడా కరెక్ట్‌గా లేదు" అని అందరూ వదిలేస్తారు. ముందుగా ఒక కాపీ తీసి పక్కన పెట్టండి, దాన్ని ముట్టుకోవద్దు. తర్వాత ఫోన్ నంబర్ల కాలమ్ చూడండి. ఎక్సెల్‌కి ఫోన్ నంబర్ అంటే ఏంటో తెలీదు, దానికి అది లెక్కల్లో వాడే పెద్ద సంఖ్య, అందుకే ముందున్న సున్నా మింగేస్తుంది, దేశం కోడ్‌తో కలిసి పొడుగైతే 9.19 అని వేసి మధ్యలో ఇంగ్లీషు ఈ అక్షరం, ప్లస్, 11 అని చూపిస్తుంది. చూడ్డానికి అలా ఉన్నంతవరకూ కంగారు లేదు, లోపల అసలు నంబర్ ఉంటుంది, కానీ అదే స్థితిలో సీఎస్వీగా (వేరే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడానికి వాడే సాదా అక్షరాల ఫైల్) సేవ్ చేశారో, ఆ కత్తిరించిన అంకెలే ఫైల్‌లోకి వెళ్తాయి, ఇక వెనక్కి రావు. నాకు తెలిసినాయన ఒకరు ఎనిమిది వందల నంబర్లు ఇలాగే పోగొట్టుకున్నాడు, పాత కాపీ కూడా లేదు. ముందు ఆ గడుల ఫార్మాట్‌ని దశాంశాలు లేని మామూలు నంబర్‌గా మార్చి అంకెలన్నీ కనపడుతున్నాయో లేదో చూసి అప్పుడు సీఎస్వీ చేయండి. ఆ సీఎస్వీని చెక్ చేద్దామని మళ్ళీ ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేశారంటే కథ మొదటికొస్తుంది, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. నంబర్లన్నీ ఒకే తీరులో పెట్టండి, ప్లస్, దేశం కోడ్, తర్వాత నంబర్, మధ్యలో ఖాళీలూ గీతలూ లేకుండా. పేర్లు తెలుగులో రాసుకుని ఉంటే సీఎస్వీ చేసేటప్పుడు యూటీఎఫ్-8 అన్నది ఎంచండి, లేకపోతే పేర్ల బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి.

ఎక్సెల్ మీద నాకేం కోపం లేదండీ, నేను ఇంటి లెక్కలు ఇప్పటికీ అందులోనే రాస్తా, కానీ దాన్ని మోయలేని పనికి పెడితే పెద్దపెద్ద వాళ్ళకే దెబ్బ పడింది. 2020లో ఇంగ్లండ్‌లో కరోనా పాజిటివ్ కేసులు 15,841 లెక్కలోకి రాకుండా ఆగిపోయాయి, కారణం ఏంటంటే పాత రకం ఎక్సెల్ ఫైల్‌లో 65,536 లైన్లకి మించి పట్టవు, మిగతావి చప్పుడు లేకుండా రాలిపోయాయి. మీకు అన్ని లైన్లు లేవు గానీ, చప్పుడు లేకుండా రాలిపోవడం మాత్రం మీ షీట్‌లో కూడా జరుగుతూనే ఉంది.

షీట్ బాగుచేసేటప్పుడే ఇంకో పని. మీ అమ్మకం ఏయే మెట్లు ఎక్కుతుందో రాయండి, దీన్నే వాళ్ళు పైప్‌లైన్ అంటారు. ఇక్కడ అందరూ చేసే తప్పు ఏంటంటే "ఇంట్రెస్ట్ ఉంది", "బాగా ఇంట్రెస్ట్ ఉంది", "హాట్", "వార్మ్" అని పెట్టుకోవడం. హాట్ అంటే ఎవరికి హాట్? మీ కుర్రాడు ఆశావాది అయితే అన్నీ హాటే. మెట్టు పేరులో కస్టమర్ చేసిన పని కనపడాలి, జరిగిందా లేదా అని ఎవరు చూసినా ఒకే జవాబు రావాలి. మీ బిజినెస్‌కి నాకు తోచింది ఇది: ఎంక్వైరీ వచ్చింది, ఫోన్లో మాట్లాడాం, ఇంటికెళ్ళి నీళ్ళు టెస్ట్ చేశాం, కొటేషన్ పంపాం, అడ్వాన్స్ కట్టారు, బిగించాం. ఇవి కాక వద్దన్నారు అని ఒకటి, దాంట్లో ఎందుకు వద్దన్నారో నాలుగైదు కారణాల లిస్టు, టైప్ చేయక్కర్లేకుండా వేలితో నొక్కేలా. ఆరు మెట్లు చాలు, పది పెట్టారంటే ఎవరూ జరపరు. రెండు నెలలు ఇలా నడిపితే కొటేషన్ పంపాం అన్న చోట కార్డులు (స్క్రీన్ మీద ఒక్కో డీల్ ఒక్కో కార్డు) గుట్టపడి ఉన్నాయో, అంతకుముందే ఆగిపోతున్నాయో కంటికి కనిపిస్తుంది, అప్పుడు మీకు రేటు సమస్యా, లేక కొటేషన్ పంపాక మళ్ళీ ఎవరూ ఫోన్ చేయకపోవడం సమస్యా తెలిసిపోతుంది. నా అనుభవంలో రెండోదే ఎక్కువ.

వాట్సాప్. ఇది మీకు పెద్ద విషయం కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. వెళ్ళిపోయినతనితో చాట్లు పోయాయంటే అతను సొంత నంబర్ మీద మాట్లాడాడన్నమాట, దానికి ప్రపంచంలో ఏ సీఆర్ఎమ్ దగ్గరా మందు లేదు. ముందు కంపెనీ పేరు మీద ఒక నంబర్ తీసుకోండి, కస్టమర్లతో మాట్లాడితే దాన్నుంచే మాట్లాడాలి. ఆ తర్వాత రెండు దార్లు. ఫ్రీగా దొరికే వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ఒక ఫోనుకి ఇంకో నాలుగు డివైజ్‌లు కలుపుకోవచ్చు, ఇద్దరు ముగ్గురు సేల్స్ వాళ్ళకి ఇది సరిపోవచ్చు, కానీ ఆ మాటలు సీఆర్ఎమ్‌లోకి వాటంతటవి రావు, ఎవరో ఒకరు చివర్లో ఒక లైన్ నోట్ రాయాలి. రెండోది ఏపీఐ, అంటే ఒక సాఫ్ట్‌వేర్ ఇంకో సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే దారి, దాని ద్వారా సీఆర్ఎమ్‌కే కలపడం, అప్పుడు చాట్ అంతా కస్టమర్ పేరు కిందే కనిపిస్తుంది, ఎవరు మానేసినా పోదు. బాగుంది కదా, కానీ రూల్స్ వేరే. కస్టమర్ మెసేజ్ పెట్టిన 24 గంటల లోపు మీరు ఏదైనా రాయొచ్చు, ఆ టైమ్ దాటాక మీరుగా పలకరించాలంటే ముందే అప్రూవ్ చేయించుకున్న టెంప్లేట్ మెసేజే పంపాలి, దానికి విడిగా చార్జీ ఉంటుంది, కస్టమర్ ఒప్పుకుని ఉండాలి కూడా. డెమోలో "మాకు వాట్సాప్ ఉంది" అన్నారంటే ఈ రెంటిలో ఏది ఉందో, ఇప్పుడున్న నంబర్‌ని ఏపీఐకి మారిస్తే అది మామూలు యాప్‌లో కూడా నడుస్తుందా, పాత చాట్లు వస్తాయా అని అడిగి, జవాబు మెయిల్‌లో రాయించుకోండి. నోటిమాట వద్దు.

మీ ఉత్తరంలో సర్వీసు గురించి ఒక్క మాటే ఉంది గానీ నాకు అక్కడే మీ డబ్బు కనిపిస్తోంది. ఫిల్టర్ మార్చాల్సిన తారీఖు మీకు తెలుసు, కస్టమర్‌కి గుర్తుండదు. మామూలు సీఆర్ఎమ్‌లు అమ్మకం అయ్యేదాకా బాగా చూసుకుంటాయి, అడ్వాన్స్ వచ్చి బిగించేశాక కార్డు "గెలిచాం" అనే డబ్బాలో పడి నిద్రపోతుంది. మీకు బిగించిన తారీఖు నుంచి ఇన్ని నెలలకి ఒక టాస్క్ తనంతట తనే పుట్టాలి, అది అయ్యాక మళ్ళీ ఇన్ని నెలలకి ఇంకోటి. ఇది ఆటోమేషన్ అనో వర్క్‌ఫ్లో అనో ఉంటుంది, చాలా కంపెనీల్లో ఫ్రీ ప్లాన్‌లో ఉండదు లేదా చిటికెడు ఉంటుంది. ట్రయల్‌లో ఒక పాత కస్టమర్‌ని తీసుకుని ఈ టాస్క్ నిజంగా పుట్టించి చూడండి, "వస్తుంది సర్" అంటే ఊరుకోకండి. అలాగే టెక్నీషియన్‌కి ఏ రోజు ఏ ఇంటికి వెళ్ళాలో రూట్ వేయడం, స్పేర్‌పార్టుల లెక్క, ఇవి వేరే జాతి సాఫ్ట్‌వేర్ పనులు, వాటిని ఫీల్డ్ సర్వీస్ అంటారు, ఇప్పుడే అన్నీ ఒకేదాంట్లో కావాలని కూర్చుంటే ఏడాది గడిచినా ఏదీ మొదలవ్వదు.

ఇక మీరు అసలు అడిగింది, ఈ నాలుగింటిలో ఏది. నా అభిప్రాయం చెప్తా, మీ ట్రయల్ దీనికి వ్యతిరేకంగా చెప్తే ట్రయల్ మాటే వినండి.

సేల్స్‌ఫోర్స్ 1999లో పుట్టింది, అప్పటిదాకా పెద్ద కంపెనీలు సొంత సర్వర్లలో పెట్టుకుని నడిపే సీఆర్ఎమ్‌ని బ్రౌజర్‌లోకి తెచ్చి నెలవారీగా అద్దెకిచ్చిన పద్ధతిని పాపులర్ చేసింది వాళ్ళే. ఏం కావాలంటే అది చేయించుకోవచ్చు, సమస్య కూడా అదే, చేయించుకోవాలి. దాన్ని చూసుకోవడానికి అడ్మిన్ అని ఒక మనిషి అవసరమయ్యే సరుకు, ఏడుగురిలో ఒకరు ఆ పని మీదే ఉంటే ప్యూరిఫయర్లు ఎవరు అమ్ముతారు? చిన్నవాళ్ళ కోసం వాళ్ళకి తేలిక ప్లాన్లు కూడా ఉన్నాయి, అయినా మీ సైజుకి నేను ముందు దాన్ని చూడను. హబ్‌స్పాట్ 2006లో మార్కెటింగ్ సాఫ్ట్‌వేర్‌గా మొదలైంది, సీఆర్ఎమ్ తర్వాత వచ్చింది, ఆ వాసన ఇంకా ఉంటుంది, వెబ్‌సైట్ ఫారం, ఈమెయిల్ వీటి చుట్టూ బాగా పనిచేస్తుంది, ఫ్రీ ప్లాన్‌తో మొదలుపెట్టొచ్చు, కానీ ఫ్రీ నుంచి పైకి ఎక్కే మెట్లు కొన్ని చాలా ఎత్తుగా ఉంటాయి, మీకు కావాల్సిన ఆటోమేషన్ ఏ మెట్టు మీద ఉందో చూసుకోండి. పైప్‌డ్రైవ్ 2010లో సేల్స్ చేసిన అనుభవం ఉన్నవాళ్ళు పెట్టింది, పైన నేను చెప్పిన మెట్లు, కార్డులు, "తర్వాత చేయాల్సిన పని ఏంటి" అని వెంటపడడం, ఇదంతా దాని ప్రాణం, మీ సేల్స్ కుర్రాళ్ళకి ఇది త్వరగా అర్థం అవుతుంది. జోహో సీఆర్ఎమ్ 2005 నుంచి ఉంది, ముగ్గురు యూజర్ల దాకా ఫ్రీ ఎడిషన్ ఉంది, లోపల సరుకు బోలెడు, బోలెడు కాబట్టే మెనూల్లో తప్పిపోతాం, వాళ్ళే చిన్న బిజినెస్‌ల కోసం 2020లో బిగిన్ అని విడిగా తేలికైనది తెచ్చారు, మీకు చూపించిన డెమో ఏదో నాకు తెలీదు గానీ అడిగి బిగిన్ కూడా ఒకసారి చూడండి.

సొంతంగా సర్వర్‌లో పెట్టుకునే ఓపెన్ సోర్స్‌వి కూడా ఉన్నాయి, సూట్‌సీఆర్ఎమ్, ఎస్పోసీఆర్ఎమ్, ఓడూ కమ్యూనిటీ లాంటివి. లైసెన్స్ ఫ్రీ, కానీ బ్యాకప్, అప్‌డేట్, రాత్రి సర్వర్ పడిపోతే లేపడం ఎవరు? మీ ఏడుగురిలో ఆ పిచ్చి ఉన్నవాళ్ళు లేకపోతే వద్దు.

నేనైతే మీ స్థానంలో పైప్‌డ్రైవ్, బిగిన్ రెండే ఉంచుకుని మిగతావి మర్చిపోయి, రెండు వారాలు ఒకటి, రెండు వారాలు ఇంకోటి, నిజం ఎంక్వైరీలతో నడుపుతా. డమ్మీ డేటాతో ట్రయల్ అంటే టీవీలో ఈత నేర్చుకోవడం. ట్రయల్ టైమ్ చాలకపోతే పొడిగించమని అడగండి, సేల్స్ వాళ్ళు చాలామంది ఒప్పుకుంటారు.

మీ బావ గారి మాటకి జవాబు. రేపు పెరిగితే మార్చే పని ఉండకూడదన్నది మంచి ఆలోచనే, కానీ దానికి ఉపాయం ఇవాళే పెద్దది కొనడం కాదు, ఇవాళ కొన్నదాన్నుంచి రేపు బయటకి రాగలగడం. ఆ పెద్ద ప్రొడక్ట్ వదిలేసినప్పుడు నాకు డౌన్‌లోడ్ అయిన ఫైల్‌లో పేర్లు, నంబర్లు మాత్రమే వచ్చాయి, ఏ కస్టమర్‌తో ఏం మాట్లాడామో ఆ నోట్స్ అన్నీ అక్కడే ఉండిపోయాయి, వాటికి వేరే ఎక్స్‌పోర్ట్ ఉందట, అది మా ప్లాన్‌లో లేదట. అందుకే ట్రయల్ మొదటి రోజే పది మందిని ఎక్కించి, ఒక్కొక్కరికి ఒక నోట్, ఒక ఫైల్, ఒక టాస్క్ పెట్టి, వెంటనే అన్నీ ఎక్స్‌పోర్ట్ కొట్టి చూడండి. నోట్స్ వచ్చాయా, ఏ నోట్ ఎవరిదో తెలుస్తోందా, ఫైళ్ళు వచ్చాయా. ఇంట్లో దిగేముందు వెనక తలుపు తెరుచుకుంటుందో లేదో చూసుకోవడం లాంటిది. ఆ ఎక్స్‌పోర్ట్ బటన్ మీ ఒక్కరి దగ్గరే ఉండాలి, అందరికీ ఇస్తే రేపు మానేసేవాళ్ళు ఈసారి చాట్లు కాదు, మొత్తం లిస్టే పట్టుకెళ్తారు. ఎవరైనా మానేసిన రోజు చేయాల్సింది కూడా ఇప్పుడే నేర్చుకోండి, లాగిన్ ఆపేయడం, అతని పేరు మీదున్న కస్టమర్లని ఇంకొకరికి మార్చడం, అకౌంట్‌ని డిలీట్ మాత్రం చేయొద్దు, కొన్నింట్లో దానితో పాటు అతను రాసిన చరిత్ర మీద పేరు పోతుంది.

డబ్బు లెక్క త్వరగా చెప్పేస్తా. వెబ్‌సైట్‌లో పెద్ద అక్షరాలతో కనపడేది ఒక మనిషికి, ఒక నెలకి, అదీ ఏడాది ముందే కడితే పడే రేటు. మీ లెక్క అంటే ఆ అంకెని 7తో, మళ్ళీ 12తో గుణించి, పైన వాట్సాప్ చార్జీలు, ఫోన్ కాల్స్ యాడ్ఆన్, సెటప్ ఫీజు ఉంటే అది కలిపితే వచ్చేది. టెక్నీషియన్లకి కూడా పూర్తి లాగిన్ కావాలా, లేక సేల్స్ వాళ్ళకి, మీకు, ఫోన్ ఎత్తే అమ్మాయికి ఇస్తే సరిపోతుందా ఆలోచించండి, ఒక లాగిన్‌ని నలుగురు పంచుకోవడం మాత్రం చేయకండి, రేటు ఎవరు చెప్పారో తెలియని గొడవ మళ్ళీ మొదలవుతుంది. మొదటి మూడు నెలలు కాస్త ఎక్కువైనా నెలనెలా కట్టండి. ఏడాదికి కడితే ఇచ్చే డిస్కౌంట్ ఊరించేదిగా ఉంటుంది, నన్ను ఊరించింది కూడా అదే.

పెట్టాక కష్టమైన పని ఒక్కటుంది, అది మీదే. కుర్రాళ్ళు వచ్చి "సర్, ఆ స్కూలు వాళ్ళ సంగతి ఏమైందంటే" అని మొదలుపెట్టగానే మీరు వినేస్తే సీఆర్ఎమ్ చచ్చిపోయినట్టే. "అందులో రాశావా? ఏదీ తెరువు, కలిసి చూద్దాం" అనండి, కోపం లేకుండా, ప్రతిసారీ. పొద్దున పది నిమిషాలు స్క్రీన్ మీద ఈరోజు టాస్కులు తెరిచి అందరూ చూడండి, రేటు చెప్పినా, తగ్గించినా ఆ డీల్‌లో అంకె పడాల్సిందే, మీరు ఫోన్లో ఎవరికైనా తగ్గించి చెప్పినా సరే మీరే ఎక్కించాలి. ఓనరుకి మినహాయింపు ఉంటే అందరికీ ఉన్నట్టే.

పాత షీట్‌ని మాత్రం ఒక తారీఖు పెట్టుకుని ఆ రోజుతో ఎడిట్ చేయకుండా లాక్ చేసేయండి, రెండూ నడిపితే రెండూ సగం సగం ఉంటాయి.

మానేసినతని చాట్ల సంగతి అడగలేదు గానీ చెప్తా, మర్యాదగా ఒకసారి ఫోన్ చేసి చాట్లు ఎక్స్‌పోర్ట్ చేసి పంపమని అడగండి, గొడవపడి వెళ్ళకపోతే ఇవ్వొచ్చు. ఇవ్వకపోతే మీ బిల్లుబుక్కులో అతను అమ్మినవాళ్ళ నంబర్లు ఎలాగూ ఉంటాయి, ఫిల్టర్ మార్చే టైమ్ అయిందేమో అని పలకరించడానికి అదే వంక. ఇక ఆ రెండు రేట్లు విన్న కస్టమర్‌కి ట్రయల్స్ అన్నీ అయ్యేదాకా ఆగకండి, ఇవాళే మీరే చేయండి, కుర్రాళ్ళతో చేయించకండి, తక్కువ చెప్పిన రేటుకే ఇస్తానని చెప్పేయండి, ఆయన ఊ అన్నా అనకపోయినా కొత్త సిస్టమ్‌లో మొట్టమొదట ఎక్కించే పేరు ఆయనదే పెట్టుకోండి.